పొరుగువారి హక్కు – మన కంప్యూటరు

‘వర్మ్’ అనే హానికర ప్రోగ్రాము చేరిన కంప్యూటరులోనే ఆగదు. తన నకళ్లను తానే ఇతరులకు పంపుకుంటుంది. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ వర్మ్, జతచేసిన ఫైలును తెరిచినవారి పేరుతోనే వారి పరిచయస్తులందరికీ ఈమెయిలుగా వెళ్లింది. 2017 మే నెలలో ‘వన్నాక్రై’ అయితే, ఎవరూ ఏదీ తెరవకుండానే విండోస్‌లోని లోపం గుండా నెట్‌వర్కులలో పాకి, ఫైళ్లను బంధించి డబ్బు అడిగింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని సైతం దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే విడుదల చేసింది.

బత్తలపల్లి తల్లిదండ్రులను, విద్యార్థులను మేము కోరేది ఇది: అప్‌డేట్‌ను వాయిదా వేయకండి, తెలిసినవారు పంపిన ఫైలునైనా వారిని అడిగి తెరవండి, ముఖ్యమైన పత్రాల నకలు విడిగా భద్రపరచండి. మన నిర్లక్ష్యం మన ఇంటితో ఆగదు. మన వల్ల పొరుగువారికి హాని కలగకుండా చూడటం మన బాధ్యత.