వంటింటి వ్యాపారానికి ఫోను విద్య

ఆవకాయ కలపడం, సున్నుండలు చుట్టడం మనకెవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. అయితే అవే నలుగురికీ అమ్మి నాలుగు డబ్బులు చూసుకుందామనుకునేసరికి ఇంకో విద్య కూడా కావలసి వస్తోంది. అది ఫోను విద్య. "మాకెందుకమ్మా, పిల్లలు చూసుకుంటారు" అని తప్పుకునే అక్కయ్యలకే ఈ నాలుగు మాటలూ.

మా వీధిలో ఒకావిడ జంతికలూ, పొడులూ చేసి అమ్ముతుంది. మొదట్లో ఒకే ధర పదిమందికి పదిసార్లు టైపు చేసేది. పొయ్యిమీద మూకుడు, చేతిలో ఫోను! వ్యాపారస్తులకోసం వాట్సాప్‌వాళ్ళు 2018లో వేరే ఆప్ తెచ్చారు. అందులో సరుకుల ఫొటోలూ, ధరలూ ఒక్కసారి పేర్చిపెట్టుకుంటే చాలు, అడిగినవాళ్ళే చూసుకుంటారు. పక్కింటి అమ్మాయి అది నేర్పాక ఆవిడ ప్రాణం కుదుటపడింది.

డబ్బు దగ్గర మాత్రం దెబ్బతింది. 2016లో యూపీఐ వచ్చాక ఊరవతలివాళ్ళ డబ్బు కూడా క్షణంలో మన ఖాతాలో పడుతోంది, నిజమే. కానీ ఒకటి గుర్తుంచుకోండి. డబ్బు పుచ్చుకోవడానికి మీరు పిన్ నొక్కనక్కర్లేదు, ఏ కోడూ స్కాన్ చెయ్యనక్కర్లేదు. అవి పంపేవాళ్ళు చెయ్యవలసిన పనులు. "అడ్వాన్సు పంపుతున్నానండీ, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి" అని ఎవడో అంటే, పాపం ఈవిడ నొక్కింది. నాలుగువేలు పోయాయి. సిగ్గుపడి రెండురోజులు ఇంట్లో కూడా చెప్పలేదు. అదే పొరపాటు. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేస్తే ఆ సొమ్ము మధ్యలో ఆపించే అవకాశం ఉండేది.

మూడోనాడు ధైర్యం చేసి మా అందరికీ చెప్పింది. వారం తిరక్కుండా వెనకవీధిలో చీరలమ్మే ఆవిడకీ అలాంటి ఫోనే వచ్చింది. ఆవిడ మాట్లాడకుండా పెట్టేసింది! డబ్బు పంపినట్టు రసీదు బొమ్మ చూపించినా, మన ఖాతాలో పడిందో లేదో చూసుకునే సరుకివ్వాలని కూడా అప్పుడే అనుకున్నాం.

"అన్నీ చెప్పేస్తే నా గిరాకీ పోదూ?" అంటారేమో. 1959లో బొంబాయి గిర్‌గావ్‌లో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పుచేసి లిజ్జత్ అప్పడాలు మొదలుపెట్టారు. పిండి ఒకచోట కలిపి, ఎవరింట్లో వాళ్ళు వత్తి తెచ్చే పద్ధతి వాళ్ళది. దాచుకుని కూర్చుంటే అది సాగేదేనా?

మేమూ ఒకరోజు లెక్కల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాం. తీరా చూస్తే, ఒకరు గ్యాసు ఖర్చు వెయ్యలేదు, ఒకరు కొరియరు కట్టలేదు, తన కష్టానికైతే ఎవరూ పైసా కట్టుకోలేదు! ధరలన్నీ మళ్ళీ వేసుకున్నాం. సీసాలు కలిసి టోకున కొంటున్నాం. ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. వారి దగ్గర నమోదు కావాలని, ఆ 14 అంకెల సంఖ్య పొట్లంమీద వెయ్యాలని చాలామందికి తెలియనే తెలియదు. దరఖాస్తు ఫోనులోనే పెట్టుకోవచ్చు. ఒకరు పెట్టి చూపిస్తే మిగతావాళ్ళకి తేలిక.

ఇంతా చేసి జంతికలావిడ తన కందిపొడిలో ఏం కలుపుతుందో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. మేమూ అడగలేదు లెండి.