చీటీ మీద కారణం ఏదీ?

అరకు, పాడేరు కొండల్లోని ఏదో ఒక పీహెచ్‌సీకి జ్వరంతో మనిషి వచ్చాడనుకోండి. ముందు మలేరియా కిట్ టెస్టు చేస్తారు. నెగెటివ్. మరి ఇప్పుడేం చేయాలి? కల్చర్ చేసే ల్యాబు అందుబాటులో లేదు. ఊరేమో గెడ్డలు దాటి ఎక్కడో ఉంది, మళ్లీ వస్తాడో రాడో తెలియదు. డాక్టరు చెయ్యి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ మీదికి పోతుంది. ఏమవుతుందోనన్న ఆ భయాన్ని తప్పు పట్టలేం. కానీ అది స్క్రబ్ టైఫస్ అయితే ఆ సూది దండగ. పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టి వచ్చే ఈ జబ్బుకు డాక్సీసైక్లిన్ కావాలి. అది పాత మందు, చవక మందు. చంకలోనో గజ్జల్లోనో నల్లటి పెచ్చు కనిపిస్తే గుట్టు తెలిసినట్టే. అందరికీ కనిపించదు, కానీ వెతికితేనే కదా కనిపించేది!

ఇలా గురి తప్పిన మందులను పట్టుకోవడానికే ప్రిస్క్రిప్షన్ ఆడిట్. ఓపీ చీటీల్లోంచి కొన్నిటిని ఏరుకోకుండా తీస్తారు. జబ్బు పేరు రాశారా, మోతాదు సరిపోయిందా, ఎన్ని రోజులో రాశారా అని చూస్తారు. దగ్గుతో వచ్చిన రెండేళ్ల పిల్లకు అమోక్సిసిలిన్ రాశారనుకోండి. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటోందో పక్కన రాసి ఉండాలి. ఆ వయసులో నలభై, అంతకు మించితే న్యుమోనియా అనుమానించాలి, మందు ఇవ్వాలి. లేకుంటే చాలావరకు అది జలుబే. ఎక్స్‌రే లేని చోట ఆ ఒక్క అంకె ఎంత పని చేస్తుందో చూడండి.

మైదానంలోని పెద్దాసుపత్రుల్లో మాత్రం ఏం వెలగబెడుతున్నారని? జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 2021-22లో దేశంలోని 20 పెద్దాసుపత్రులను సర్వే చేస్తే, చేరిన రోగుల్లో 71.9 శాతం మందికి యాంటీబయాటిక్స్ పడుతున్నాయని తేలింది. చికిత్స కోసం ఇచ్చినవాటిలో ఏ క్రిమో తేలాక ఇచ్చినవి ఆరు శాతమే. మొత్తం యాంటీబయాటిక్స్‌లో సగానికి పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆచితూచి వాడమన్న ‘వాచ్’ వర్గానివి. సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ ఆ వర్గంలోవే. అమోక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ ముందుగా వాడదగ్గ ‘యాక్సెస్’ వర్గంలోవి. యాంటీబయాటిక్ రాస్తే కారణం కూడా రాయండని 2024 జనవరిలో కేంద్ర ప్రభుత్వం వైద్య కళాశాలల డాక్టర్లను కోరింది.

ఆడిట్ అనగానే తనిఖీ, మెమో గుర్తొస్తాయి మనవాళ్లకు. అలా చేస్తే చీటీల మీద కారణాలు పుట్టుకొస్తాయి, వైద్యం మారదు. ఇంగ్లండులో యాంటీబయాటిక్స్ ఎక్కువగా రాస్తున్న క్లినిక్కుల డాక్టర్లకు, మీ ప్రాంతంలో ఎక్కువమందికన్నా మీరు ఎక్కువ రాస్తున్నారని ఒక్క ఉత్తరం పంపారు. ఆరు నెలల్లో వాడకం 3.3 శాతం తగ్గింది. 2016లో లాన్సెట్ పత్రిక ఆ ఫలితాన్ని ప్రచురించింది. జరిమానా లేదు, సస్పెన్షన్ లేదు.

అయితే ఈ కొండల ఏజెన్సీలో వాడకం అంకె తగ్గించడమే లక్ష్యం కాకూడదు. అరకు ప్రాంతంలో చచ్చిన పశువు మాంసం ముట్టినవాళ్లకు చర్మపు ఆంత్రాక్స్ సోకిన సందర్భాలున్నాయి. అక్కడ యాంటీబయాటిక్ రాయకపోవడమే నేరం. అందుకే లెక్క తీసేవాళ్లకు కొండ జబ్బులు తెలిసి ఉండాలి, డాక్టర్లతో కలిసి కూర్చుని చీటీలు చదవాలి.

ఈసారి మీకో మీ పిల్లలకో యాంటీబయాటిక్ రాస్తే, దేనికండీ, ఎన్ని రోజులకండీ అని అడగండి. ఆ రెండూ చీటీ మీద రాయమనండి.