క్యామ్ షాఫ్టు ఎంపిక

క్యామ్ షాఫ్టు ఎంపిక అనగా, అధిక శక్తి కోసం తిరిగి నిర్మిస్తున్న కారు ఇంజనుకు ఏ విధమైన క్యామ్ షాఫ్టు తగినదో నిర్ణయించుట. నాలుగు ఘాతముల ఇంజనులో గాలి, ఇంధనముల మిశ్రమాన్ని లోనికి రానిచ్చే వాల్వులను (కవాటములను), కాలిన వాయువులను బయటకు పంపే వాల్వులను తెరిచే ఇరుసును క్యామ్ షాఫ్టు అంటారు. ఇంజను ఏ వేగం వద్ద బాగా ఊపిరి పీల్చగలదు అన్నది చాలావరకు దీనిపై ఆధారపడి ఉంటుంది. తప్పుగా ఎన్నుకొన్నపుడు పికప్ తగ్గుట మొదలుకొని, వాల్వు పిస్టనుకు తగిలి ఇంజను పూర్తిగా పాడగుట వరకు నష్టం కలుగవచ్చును. పెట్రోలు కార్లలో కొన్నిసార్లు బ్రేకులు కూడా బలహీనపడతాయి. ఈ చివరి సంగతి చాలామందికి తెలియదు.

పనిచేయు విధానము

క్యామ్ షాఫ్టుపై కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బెత్తు భాగాలు ఉంటాయి. వీటిని క్యాములు లేదా లోబులు అంటారు. షాఫ్టు తిరిగేటప్పుడు లోబు యొక్క మొన టాపెట్‌ను నెట్టగా వాల్వు తెరుచుకొంటుంది. మొన దాటిపోయిన తరువాత స్ప్రింగు వాల్వును తిరిగి మూసివేస్తుంది. ఈ పరికరం చాలా పాతది. 1206లో అల్ జజరీ రచించిన యంత్రముల గ్రంథంలోనే క్యాములు గల ఇరుసు వర్ణన కలదు.

చూషణ, సంపీడన, శక్తి, నిష్కాస ఘాతములు నాలుగూ పూర్తగుటకు క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది, క్యామ్ షాఫ్టు ఒక్క చుట్టు మాత్రమే తిరుగుతుంది. కాబట్టి ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నపుడు ఒక్కొక్క వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకొని మూసుకొంటుంది.

అంబాసిడర్ కారులోని 1489 సి.సి. ఇంజనులోను, ప్రీమియర్ పద్మినిలోని 1089 సి.సి. ఇంజనులోను క్యామ్ షాఫ్టు క్రింద, సిలిండరు బ్లాకులో ఉండేది. అక్కడి నుండి పుష్ రాడ్లు, రాకర్ ఆర్ములు పైనున్న వాల్వులను కదిలించేవి. 1983లో వచ్చిన మారుతి 800లో షాఫ్టును సిలిండరు హెడ్డుపైకి చేర్చి బెల్టుతో త్రిప్పారు. హెడ్డుపై రెండు షాఫ్టులు, సిలిండరుకు నాలుగు వాల్వులు గల అమరికతో ప్యూజో కారు 1912లోనే ఫ్రెంచి గ్రాండ్ ప్రి పందెం గెలిచింది. మధ్యలో పుష్ రాడ్ల వంటి బరువైన భాగాలు తగ్గినకొద్దీ వాల్వులు మరింత వేగాన్ని తట్టుకోగలవు.

ముఖ్యమైన కొలతలు

లిఫ్టు: వాల్వు తన పీఠం నుండి ఎంత ఎత్తు లేస్తుందో అది లిఫ్టు. క్యాము మొన 6 మి.మీ. నెట్టి, రాకర్ నిష్పత్తి 1.5 అయినచో వాల్వు 9 మి.మీ. లేస్తుంది. లిఫ్టు ఎంత పెంచితే అంత లాభమని భావించరాదు. వాల్వు చుట్టూ ఏర్పడే సందు వైశాల్యం, వాల్వు వ్యాసంలో నాలుగవ వంతు ఎత్తుకు లేచేసరికే రంధ్రం వైశాల్యంతో సమానమవుతుంది. అనగా 36 మి.మీ. వాల్వుకు 9 మి.మీ. ఆ పైన దొరికే ప్రయోజనం క్రమంగా తగ్గుతుంది, స్ప్రింగుపై భారం మాత్రం పెరుగుతుంది.

డ్యూరేషన్: వాల్వు తెరిచి ఉండే కాలాన్ని క్రాంక్ షాఫ్టు డిగ్రీలలో చెబుతారు. ఎంపికలో అన్నిటికంటె ముఖ్యమైన కొలత ఇదే. ఒక ఇన్‌లెట్ వాల్వు 240 డిగ్రీల పాటు తెరిచి ఉంటుందనుకొందాం. 1500 ఆర్.పి.ఎం. వద్ద దానికి సుమారు 26.7 మిల్లీసెకన్లు దొరుకుతాయి. 6000 వద్ద 6.7 మిల్లీసెకన్లే దొరుకుతాయి. అంత తక్కువ వ్యవధిలో సిలిండరు నిండదు కనుక, పందెపు ఇంజనులలో వాల్వును ముందుగా తెరిచి ఆలస్యంగా మూస్తారు. లోనికి దూసుకు వస్తున్న గాలికి గల జడత్వం వలన, పిస్టను పైకి తిరిగినా కొంతసేపు గాలి వస్తూనే ఉంటుంది. అయితే నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ జడత్వం ఉండదు. అప్పుడు ఆలస్యంగా మూసుకొనే వాల్వు గుండా, లోనికి వచ్చిన మిశ్రమంలో కొంత తిరిగి వెనుకకు పోతుంది. ఎక్కువ డ్యూరేషన్ గల కారు ట్రాఫిక్‌లో మొరాయించుటకు కారణమిదే.

ఓవర్‌ల్యాప్: నిష్కాస ఘాతం ముగిసి చూషణ ఘాతం మొదలయ్యే వేళ రెండు వాల్వులూ కొంతసేపు తెరిచి ఉంటాయి. దీనిని నిర్ణయించేది రెండు లోబుల మొనల మధ్య కోణం. దీనిని క్యామ్ షాఫ్టు డిగ్రీలలో కొలుస్తారు. రెండు డ్యూరేషన్ల సగటు నుండి ఈ కోణానికి రెట్టింపు తీసివేస్తే ఓవర్‌ల్యాప్ వస్తుంది. 240 డిగ్రీల డ్యూరేషన్, 112 డిగ్రీల కోణం గల సాధారణ షాఫ్టులో అది 16 డిగ్రీలు. 290 డిగ్రీలు, 108 కోణం గల పందెపు షాఫ్టులో 74 డిగ్రీలు. ఓవర్‌ల్యాప్ ఎక్కువైనచో అధిక వేగంలో శక్తి పెరుగుతుంది, ఐడిలింగ్‌లో ఇంజను కుంటుతుంది.

వేర్వేరు తయారీదారుల జాబితాలను పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. కొందరు వాల్వు కదలడం మొదలైన క్షణం నుండి, కొందరు 1 మి.మీ. లేక 0.050 అంగుళం (1.27 మి.మీ.) లేచిన తరువాత నుండి డ్యూరేషన్‌ను లెక్కిస్తారు. ఒకే షాఫ్టుకు ఈ రెండు అంకెల మధ్య 40 డిగ్రీలకు పైగా తేడా ఉండవచ్చును.

ఎంపిక చేయు విధానము

మొదట తేల్చుకొనవలసినది, ఆ కారు ఎక్కువ సమయం ఏ ఆర్.పి.ఎం. మధ్య తిరుగుతుంది అన్న విషయం. రాయలసీమలో బండలాగుడు పోటీకి పెంచే ఎడ్లను పరుగు పందేనికి కట్టరు. ఇంజను విషయమూ అటువంటిదే. బండను కదిలించే బలం వంటిది టార్కు. ఆ బలాన్ని ఎంత వేగంతో చూపగలదో అది శక్తి. టార్కును (న్యూటన్ మీటర్లలో) ఆర్.పి.ఎం.తో గుణించి 9549తో భాగిస్తే శక్తి కిలోవాట్లలో వస్తుంది. 4500 వద్ద 110 న్యూటన్ మీటర్లు ఇచ్చే ఇంజను శక్తి సుమారు 52 కిలోవాట్లు. దానికే పెద్ద క్యామ్ షాఫ్టు వేయగా టార్కు 100కు తగ్గి, ఆ టార్కు 6000 వద్ద దొరికిందనుకొంటే శక్తి సుమారు 63 కిలోవాట్లు అవుతుంది. కాగితంపై ఇది లాభమే. కాని 2000, 3000 వద్ద పోయిన టార్కు ఈ లెక్కలో కనిపించదు. రోడ్డుపై రోజూ నడిచే కారుకు కావలసినది ఆ టార్కే.

స్థూలంగా చెప్పాలంటే, వాల్వు కదిలినప్పటి నుండి కొలిచిన డ్యూరేషన్ 250 నుండి 265 డిగ్రీలు ఉన్నవి రోజువారీ వాడుకకు, 270 నుండి 285 వరకు గలవి చురుకైన రోడ్డు కార్లకు, 285 నుండి 300 వరకు గలవి ర్యాలీలకు, ఆ పైవి సర్క్యూట్ పందేలకు తగినవిగా చూస్తారు. ఇవి ఉజ్జాయింపు అంకెలు మాత్రమే. సిలిండరుకు నాలుగు వాల్వులు గల ఇంజనుకు ఇంతకంటె తక్కువ డ్యూరేషన్ సరిపోతుంది. టర్బో ఇంజనుకు ఓవర్‌ల్యాప్ తక్కువ ఉండుట సాధారణంగా మేలు.

షాఫ్టు ఒక్కటే మార్చి ఊరుకొంటే ఫలితం అరుదుగా దక్కుతుంది. ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకొనుట వలన సంపీడనం నిజంగా మొదలయ్యేది ఆలస్యమవుతుంది. తగ్గిన పీడనాన్ని పూరించుటకు సంపీడన నిష్పత్తిని పెంచవలెను. పెరిగిన గాలికి తగినట్లు కార్బురేటరు లేదా ఇంజెక్షను వ్యవస్థ, సైలెన్సరు గొట్టాలు, గేరు నిష్పత్తులు కూడా మారవలసి ఉంటుంది. ఒక మెట్టు చిన్న షాఫ్టును ఎన్నుకొన్నవారికంటె ఒక మెట్టు పెద్దదానిని ఎన్నుకొన్నవారే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంత పరిస్థితులు

నంద్యాల (2022 ఏప్రిల్ 4 నుండి జిల్లా కేంద్రం), ఆళ్ళగడ్డ పట్టణాలు కర్నూలు - కడప జాతీయ రహదారిపై ఉన్నాయి. ఈ దారి చాలావరకు సమతలం. కాని నంద్యాల నుండి గిద్దలూరు వెళ్ళే దారి నల్లమల కనుమలో మలుపులు తిరుగుతూ ఎక్కి దిగుతుంది. ఒకే ఊరి కారుకు ఈ రెండు రకాల దారులూ తప్పవు. కనుమ ఎక్కేటప్పుడు మలుపు మలుపుకూ వేగం పడిపోయి, 2000 చుట్ల నుండి ఇంజను తిరిగి లాగవలసి వస్తుంది. 290 డిగ్రీల షాఫ్టు ఉన్న కారు అక్కడ మామూలు కారు కంటె వెనుకబడుతుంది.

దిగేటప్పుడు, ముఖ్యంగా మలుపుల వద్ద నెమ్మదిగా పోవునపుడు, మరొక ప్రమాదం ఉన్నది. పెట్రోలు కార్లలో బ్రేకు పెడలుకు సహాయపడే సర్వో, ఇంజను ఇన్‌లెట్ గొట్టంలోని శూన్యతతో పనిచేస్తుంది. ఓవర్‌ల్యాప్ బాగా పెరిగినపుడు తక్కువ వేగంలో ఈ శూన్యత తగ్గిపోతుంది. వెంటవెంటనే రెండు మూడు సార్లు బ్రేకు త్రొక్కిన తరువాత పెడలు రాయివలె గట్టిపడి, కారు ఆగుటకు మామూలు కంటె చాలా బలం కావలసి వస్తుంది. అటువంటి షాఫ్టు వేయువారు శూన్యతను మీటరుతో కొలిచి, అవసరమైనచో విద్యుత్ వాక్యూమ్ పంపు అమర్చవలెను. డీజిలు వాహనాలకు ప్రత్యేక పంపు ఉంటుంది కనుక ఈ సమస్య లేదు.

వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వేడి గాలి పలుచన కాబట్టి శక్తి కొంత తగ్గుతుంది. దానికితోడు సంపీడన నిష్పత్తిని మితిమీరి పెంచిన ఇంజనులో మిశ్రమం సమయానికి ముందే పేలి నాకింగ్ శబ్దం వస్తుంది. చల్లని ప్రదేశాలవారి లెక్కలను యథాతథంగా ఇక్కడ అనుసరించరాదు.

ఈ ప్రాంతపు రైతులకు పరిచయమైన నీటిపంపు డీజిలు ఇంజను ఇందుకు మంచి పోలిక. 5 అశ్వశక్తుల ఇంజను సాధారణంగా 1500 ఆర్.పి.ఎం. వద్దనే రోజంతా తిరుగుతుంది. ఒకే వేగం కనుక దాని క్యాము ఆ ఒక్క వేగానికే సరిపోతే చాలు. కారుకు ఆ సౌకర్యం లేదు.

అమర్చునపుడు తీసుకొనవలసిన జాగ్రత్తలు

లిఫ్టు, డ్యూరేషన్ పెరిగినపుడు వాల్వు పిస్టనుకు దగ్గరగా వస్తుంది. ఓవర్‌ల్యాప్ వేళ, పిస్టను పైస్థానానికి చేరే ముందు ఎగ్జాస్ట్ వాల్వుకు, దాటిన వెంటనే ఇన్‌లెట్ వాల్వుకు ఈ ముప్పు ఎక్కువ. పిస్టను తలపై మెత్తని మట్టి (పిల్లలు ఆడుకొనే రంగు మట్టి చాలు) అంటించి, హెడ్డు బిగించి, ఇంజనును చేతితో రెండు చుట్లు త్రిప్పి, హెడ్డు విప్పి మట్టిలో పడిన గుంట మందాన్ని కొలుస్తారు. ఇన్‌లెట్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ.కు తగ్గకుండా చూచుట వాడుక. డీజిలు ఇంజనులో ఈ ఖాళీ ముందే బాగా తక్కువ. అందువలన వాటిలో శక్తి పెంచదలచినవారు క్యాము జోలికి పోక టర్బో, ఇంధన పరిమాణాలను మారుస్తారు.

పాత స్ప్రింగులు కొత్త షాఫ్టుకు చాలకపోవచ్చును. బలం చాలనిచో అధిక వేగంలో వాల్వు క్యామును అనుసరించలేక గాలిలో తేలుతుంది. లిఫ్టు ఎక్కువైతే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలి బిగుసుకొంటాయి. రెండింటిలోనూ నష్టపోయేది ఇంజనే.

ఖర్చు తగ్గించుటకు కొందరు పాత షాఫ్టునే కొత్త ఆకృతికి అరగదీయిస్తారు. ఆళ్ళగడ్డ శిల్పి చెక్కివేసిన రాతిని తిరిగి అతికించలేనట్లే, గ్రైండింగులో పోయిన లోహం తిరిగి రాదు. మొనను ముట్టకుండా, గుండ్రని అడుగు భాగాన్ని అరగదీసి లిఫ్టును పెంచుతారు. దానివలన ఏర్పడిన సందును పొడవైన పుష్ రాడ్లతో గాని, మందమైన షిమ్ములతో గాని పూరించవలెను. పైపొర గట్టిదనం ఎంత మిగిలిందో చూడకుండా ఈ పని చేయించరాదు.

షాఫ్టు బిగించిన తరువాత డిగ్రీ చక్రం, డయల్ గేజీలతో అది తయారీదారు చెప్పిన కోణంలోనే ఉన్నదా అని పరిశీలిస్తారు. నాలుగు డిగ్రీలు ముందుకు జరిపితే టార్కు తక్కువ వేగం వైపుకు, వెనుకకు జరిపితే ఎక్కువ వేగం వైపుకు మరలుతుంది. చదునైన టాపెట్లు గల పాత ఇంజనులలో మొదటిసారి స్టార్టు చేసిన వెంటనే, ఐడిలింగ్‌లో ఉంచకుండా, 2000 - 2500 ఆర్.పి.ఎం. వద్ద సుమారు 20 నిమిషాలు నడపవలెను. ఇప్పటి నూనెలలో జింకు, భాస్వరం సమ్మేళనాలు తగ్గించబడినవి కనుక ఇటువంటి ఇంజనులకు అవి ఎక్కువగా ఉన్న నూనెను వాడుట మంచిది. ఈ ఇరవై నిమిషాలు నిర్లక్ష్యం చేసినచో కొత్త లోబు మొదటి రోజునే అరిగిపోవచ్చును.

మారే టైమింగు

ఒకే షాఫ్టుతో తక్కువ, ఎక్కువ వేగాలు రెండింటికీ న్యాయం చేయలేకపోవుట అనే సమస్యకు తయారీదారులే పరిష్కారాలు కనుగొన్నారు. 1989లో హోండా సంస్థ ఇంటెగ్రా కారులో ప్రవేశపెట్టిన వీటెక్ విధానంలో, ఒకే షాఫ్టుపై చిన్న, పెద్ద లోబులు రెండూ ఉంటాయి. వేగం పెరిగినపుడు నూనె పీడనంతో ఒక పిన్ను జరిగి పెద్ద లోబు పనిలోకి వస్తుంది. ఆ 1.6 లీటర్ల ఇంజను 160 అశ్వశక్తులు ఇచ్చింది. ఇటువంటి ఇంజనులో షాఫ్టు మార్చదలచినచో కంప్యూటరు అమరికను కూడా మార్చక తప్పదు.

చట్టపరమైన అంశాలు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ నియమాన్ని సమర్థిస్తూ తీర్పు ఇచ్చింది. అదే సంవత్సరపు సవరణతో చేరిన 182ఎ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చునని చెబుతుంది. ఓవర్‌ల్యాప్ పెరిగిన ఇంజను ఐడిలింగ్‌లో కాలని హైడ్రోకార్బన్లను ఎక్కువగా వదులుతుంది కనుక కాలుష్య పరీక్షలో కూడా పట్టుబడుతుంది. అందువలన పెద్ద షాఫ్టులు పందెపు కార్లకే పరిమితం. దక్షిణాదిలో అటువంటి కార్లకు ఒకప్పుడు మద్రాసు సమీపంలోని షోలవరం విమానాశ్రయపు పట్టీ, 1990 నుండి ఇరుంగట్టుకోట్టై ట్రాకు, 2003 నుండి కోయంబత్తూరు వద్ద కరి ట్రాకు వేదికలయ్యాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఇ పందెంలో పాల్గొన్నవి విద్యుత్ కార్లు. వాటిలో క్యామ్ షాఫ్టు ఉండదు.