పెరట్లో కూలిన పనస వీణై పలికింది

బొబ్బిలి: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటిన నాడు విజయనగరం జిల్లాలో కొబ్బరి, మామిడి, జీడి, పనస అన్న తేడా లేకుండా చెట్లు నేలకూలాయి. బొబ్బిలి దాపులోని ఒక పల్లెలో రిటైర్డు మేష్టారి పెరట్లో ఉన్న పనస కూడా అందులో పోయింది. ఆయన తల్లి నాటిన చెట్టది. కర్రల అడితి వారు వచ్చి బేరం పెట్టారు. మేష్టారు ఇవ్వలేదు. గొల్లపల్లిలో వీణలు చేసే చిన్ననాటి స్నేహితునికి కబురు పంపారు.

వచ్చిన వాడు మాటాడకుండా చెట్టు చుట్టూ తిరిగాడు. మొదలును గొడ్డలి వెనకతో తట్టి చెవి పెట్టాడు. రెండు చేతులూ చాచి కొలిచాడు. “దీన్ని పొయ్యిలో ఎట్టీకండి మేష్టారూ. ఇందులో మీకు వీణుంది” అన్నాడు.

ఇద్దరూ అయిదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్న వారు. అప్పట్లో ఇద్దరి మధ్యా ‘ఒరే’ తప్ప వేరే పిలుపు లేదు. ఒకరికి ఉద్యోగం వచ్చాక రెండో వారి నోట అది ‘మేష్టారూ’ అయింది. మేష్టారు మాత్రం ‘ఒరే’ మానలేదు. కుర్రతనంలో ఆయన వీణ నేర్చారు. కూతురి పెళ్ళికి డబ్బు చాలక ఆ వీణను అమ్మేశారు. దాన్ని చేసింది ఈ స్నేహితుని తండ్రే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఎత్తేవారు కారు.

బొబ్బిలి పేరు చెబితే అందరికీ 1757 నాటి యుద్ధమే గుర్తుకొస్తుంది. సంగీతం తెలిసిన వారికి మాత్రం వీణ గుర్తుకొస్తుంది. సంస్థానాధీశుల ఆదరణలో మొదలైన ఈ పని గొల్లపల్లిలోని సర్వసిద్ధి కుటుంబాల చేతుల్లో తరాలుగా నిలిచింది. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక్కడి వారు గొప్పగా చెప్పుకునేది ‘ఏకాండి’ వీణ గురించి. కుండ, దండి, తల మూడూ వేర్వేరుగా చేసి అతికించరు. ఒకే మానులో తొలుస్తారు. అతుకు లేకపోతే నాదం ఎక్కడా ఆగదని వారి నమ్మకం. పనస చేవ తేలిక, గట్టి, చెదను తట్టుకుంటుంది. అందుకే పనసే కావాలి. అయితే నాలుగడుగులకు పైగా పొడవు, కుండకు సరిపడా లావు ఉన్న మాను దొరకడం నేడు గగనమైపోయింది.

దొరికిన మాను కూడా ఊరికే వీణ కాదు. దుంగకు రెండు కొసలా పేడ అలికి, నీడలో ఎత్తుగా పెట్టి, రెండు వేసవులు వదిలేశారు. తొందరపడి ఎండబెడితే బీట వేస్తుంది. 2016 వేసవి దాటాక దుంగను నిలువునా కోయించి పని మొదలుపెట్టారు.

ఇంట్లో మాత్రం గొడవ మొదలైంది. గొల్లపల్లిలో ఇప్పుడు పూట గడిపేది పెద్ద వీణ కాదు, బహుమతులుగా ఇచ్చే బుల్లి వీణ. సభలకు, సన్మానాలకు వాటిని కొనుక్కుపోతారు. పెద్ద వీణకు పట్టే రోజుల్లో చిన్నవి ఎన్నో తయారవుతాయి. కూలి పుచ్చుకోనని తండ్రి మాట ఇచ్చేసరికి కొడుకు గుర్రుమన్నాడు. అప్పటికే రెండు ఆర్డర్లు వెనకబడ్డాయి. కొడుకు మాటలో తప్పు పట్టేందుకు ఏమీ లేదు. చివరకు పగలు ఆర్డర్ల పని, పొద్దువాలాక మేష్టారి పని అని ఒప్పందం కుదిరింది. సంగతి తెలిసి మేష్టారు బియ్యం బస్తా పంపారు. దాన్ని తిప్పి పంపబోతే ఇంటావిడ దింపించేసింది.

కుండను బాడిసతో, ఉలితో లోపలి నుంచి తొలుస్తూ రావాలి. గోడ మరీ మందమైతే మోగదు. మరీ పలచనైతే తీగల బిగువుకు ఆగదు. కొలబద్ద ఉన్నా ఎవరూ వాడరు. వేలి కణుపుతో కొట్టి వింటారు. అలా వింటుండగా ఒక సాయంత్రం కుండకు ఎడమ పక్క మోత బొంగురుగా వచ్చింది. దీపం లోపల పెట్టి చూస్తే వెంట్రుక వాసి బీట. బెత్తెడు పొడుగు.

రెండేళ్ళు ఆగిన మాను అది. మరో మాను లేదు. ఉన్నా ఆ తల్లి నాటిన చెట్టు కాదు. మైనం, రంగు పెట్టి పైన మెరుగు వేస్తే కొన్నవాడికైతే కనబడదు. పనివాడు ఆ రాత్రి పని ఆపి, తెల్లారగానే మేష్టారి ఊరు వెళ్ళాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. “మరి ఏం చేద్దామంటావురా?” అని అడిగారు మేష్టారు. అదే చెట్టు ముక్కలో సన్నని జీలిక తీసి, బీటను కొద్దిగా వెడల్పు చేసి, జిగురుతో దిగ్గొట్టవచ్చని, నిలిస్తే నిలుస్తుందని, లేకపోతే ఇక అది వంటచెరకేనని జవాబు. మేష్టారు ఒకటే అడిగారు, ఆ గీత పైకి కనబడేలా ఉంచమని. పనివాడికి అది నచ్చలేదు. చేసిన చెయ్యి పేరు పోతుందని గొణిగాడు. ఒప్పుకున్నాడు.

జీలిక దిగ్గొట్టి, తాడు బిగించి వారం రోజులు ముట్టలేదు. విప్పాక తట్టితే మోత తేటగా వచ్చింది. ఆ తర్వాతి పనులు చకచకా సాగాయి. కుండ మీద పలక, దండికి ఒక కొసన యాళి తల, బిరడలు, కింద ఆనించే బుర్ర అన్నీ కుదిరాయి. ఒకప్పుడు దంతంతో చేసిన నగిషీ ఈనాడు ప్లాస్టిక్‌తోనే. మేష్టారు అదీ వద్దన్నారు.

చివరి పని మేళం కట్టడం. తేనె మైనాన్ని బొగ్గుపొడితో కాచి దండి మీద రెండు వరుసలుగా పోసి, దానిలో 24 మెట్లు నిలబెట్టాలి. గుర్రం వైపు వెళ్ళేకొద్దీ మెట్ల మధ్య దూరం తగ్గుతుంది. నాలుగు వాయించే తీగలు, మూడు తాళపు తీగలు బిగించి, ఒక్కో మెట్టునూ శ్రుతి చూస్తూ జరపాలి. ఇక్కడ చెవి తప్పితే అన్నాళ్ళ కష్టం దండుగే. మేష్టారు ఎదురుగా కూర్చుని మీటుతుంటే పనివాడు మెట్టును గోటి వెడల్పులో సగం జరిపేవాడు. “ఇంకొంచెం కిందికి” అని ఒకరు, “మీకు చెవి మందగించింది” అని ఇంకొకరు. పై స్థాయిలో ఒక మెట్టు దగ్గర ఇద్దరికీ పట్టుదల వచ్చింది. మర్నాడు మైనం ఆరాక చూస్తే మేష్టారి మాటే నిజమైంది. పనివాడు మాటాడకుండా మైనం మళ్ళీ వేడి చేశాడు.

దసరాకు ముందే వీణ ఇల్లు చేరింది. మేష్టారు దుప్పటి చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆర్టీసీ బస్సులో బయల్దేరారు. లగేజీ టిక్కెట్టు తీసుకోవాలని కండక్టరు అన్నాడు. అదేమిటని అడిగితే, మా పెరట్లో పనస చెట్టు అన్నారు మేష్టారు. కండక్టరుకు అర్థం కాలేదు. టిక్కెట్టు మాత్రం కొట్టాడు.