మార్కాపురం నుంచి గిద్దలూరుకు 65 సెకన్లు

మార్కాపురం నుంచి కంభం మీదుగా గిద్దలూరుకు, గీత గీసినట్టు గాలిలో వెళ్తే దూరం సుమారు 54 కిలోమీటర్లు. 1923 జూన్ 9న హైదరాబాదులో పుట్టి, భారత వైమానిక దళాధిపతి అయిన ఇద్రిస్ హసన్ లతీఫ్ నడిపిన విమానాలతో ఈ దూరాన్ని కొలిచి చూద్దాం.

1942లో కమిషన్ పొందేనాటికి ఆయనకు 18 ఏళ్లు. కరాచీ తీరరక్షణలో ఆయన నడిపింది వాపిటి. ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు, వాటి మీద బిగించిన గుడ్డ, పైకప్పులేని కాక్‌పిట్. పైలట్ ముఖానికి గాలి నేరుగా కొడుతుంది. వేగం గంటకు 220 కిలోమీటర్ల లోపే. గిద్దలూరు చేరడానికి పావుగంట.

తర్వాత బర్మా యుద్ధం, 9వ స్క్వాడ్రన్, హరికేన్. రెక్కల్లో నాలుగు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు. గంటకు 550 కిలోమీటర్లు, అంటే 6 నిమిషాలు. అయితే బర్మాలోని అరకాన్ అడవుల్లో వేగమొక్కటే చాలదు. చెట్ల కింద దాగిన జపాన్ సైన్యం కనబడాలంటే కిందికి దిగి ఎగరాలి. దిగితే తుపాకులకు అందుతారు.

ఆ స్క్వాడ్రన్ నాయకుడు అస్గర్ ఖాన్. దేశ విభజన వేళ ఆయనా, నూర్ ఖాన్ కూడా లతీఫ్‌ను పాకిస్తాన్‌కు రమ్మన్నారు. ఇద్దరూ తర్వాత పాక్ వైమానిక దళాధిపతులయ్యారు. లతీఫ్ మాత్రం భారత్‌లోనే ఉండిపోయారు. ఆయన జీవితంలో అన్నిటికన్నా బరువైన అంకె, నా దృష్టిలో, 1947.

ఆపై టెంపెస్ట్ విమానాల 4వ స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించారు. 1971 యుద్ధంలో ఇదే స్క్వాడ్రన్ మిగ్-21లు ఢాకా తేజ్‌గావ్ రన్‌వేపై బాంబులు వేశాయి. డిసెంబర్ 7 నాటికి అక్కడి పాక్ సేబర్ యుద్ధవిమానాలు లేవలేని స్థితి. అప్పటికి లతీఫ్ కాక్‌పిట్‌లో లేరు, ప్రధాన కార్యాలయంలో ప్రణాళికలు చూస్తున్నారు. నేలమీద కూర్చుని చేసే ఈ లెక్కలకు పతకాలంత పేరు రాదు గానీ, ఏ విమానం ఎక్కడ, ఎప్పుడు, ఎంత బాంబుతో వెళ్లాలో తేలేది అక్కడే.

1978 సెప్టెంబర్ నుంచి మూడేళ్లు దళాధిపతి. పదవీ విరమణకు ముందు, 58 ఏళ్ల వయసులో, మిగ్-25 ఎక్కారు. గంటకు దాదాపు 3,000 కిలోమీటర్లు. గిద్దలూరుకు 65 సెకన్లు. వాపిటికి దాదాపు 14 రెట్లు!

ఆయన హయాంలోనే, 1979 జులైలో, మొదటి జాగ్వార్‌లు అంబాలా చేరాయి. శత్రుభూమిలో లోతుకు వెళ్లి కొట్టే విమానం కావాలన్న వాయుసేన పాత కోరిక అలా తీరింది. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి తయారుచేసిన ఆ జాగ్వార్‌ను ఆ రెండు దేశాలూ ఎప్పుడో పక్కనపెట్టాయి. 2018 ఏప్రిల్ 30న లతీఫ్ కన్నుమూసేనాటికి మన దళంలో అది ఇంకా ఎగురుతూనే ఉంది.