ర్యాప్ పాటలో జతుల నడక

కొండాపురము మొదలు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వరకు ఈనాడు ఏ ఇంటిలో చూచినను రెండు తరముల సంగీతము వినబడుచున్నది. పెద్దలకు అన్నమయ్య సంకీర్తనయో, పాత చలనచిత్ర గీతమో కావలెను. పిల్లలకు ‘ర్యాప్’ కావలెను. ‘ఇది పాటయా, పోట్లాటయా?’ అని పెద్దలు విసుగుకొందురు. పిల్లలు చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని మరియొక గదిలోనికి పోవుదురు. ఈ తగవును తీర్చు అధికారము మాకు లేదు. కాని తగవు దేనిని గూర్చియో తెలిసికొన్నచో ఉభయులకును మేలు. అందుకు అనువైన కళాకారిణి ఒకరు మన తెలుగువారిలోనే ఉన్నారు. ఆమె పేరు శ్వేత యల్లాప్రగడ రావు. లోకము ఆమెను ‘రాజకుమారి’ అని పిలుచుచున్నది.

ముందుగా ర్యాప్ అనగా నేమో చూతము. అది రాగము తీసి పాడుట కాదు. ఊరక చదువుటయు కాదు. తాళమునకు కట్టుబడి మాటను పలుకుట. 1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ పేటలో జరిగిన ఒక వేడుకను దీనికి నాందిగా చెప్పుదురు. జమైకాలో పుట్టి అచ్చటికి వలసవచ్చిన క్లైవ్ క్యాంప్‌బెల్ అను యువకుడు ఆనాడు రికార్డులు వాయించెను. ‘కూల్ హెర్క్’ అను పేరుతో ప్రసిద్ధుడైన ఇతడు, పాటలో కేవలము మద్దెలలు మ్రోగు భాగమును రెండు రికార్డుల సాయముతో మరల మరల వాయించి పొడిగించు పద్ధతిని కనిపెట్టెను. ఆ మ్రోతపై మాటలు విసరుట అలవాటైనది. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ అను బృందము వెలువరించిన ‘రాపర్స్ డిలైట్’ అను రికార్డు ఆ అలవాటును దేశమంతటికి చాటినది. వీణయో పియానోయో కొనుటకు శక్తి లేని పేటలలో గొంతుకయే వాద్యమైనది. ఈ సంగతి మరువరాదు.

ఇక దాని కొలత. ర్యాప్‌లో ఒక పాదమునకు సాధారణముగా నాలుగు దెబ్బలు. ఒక్కొక్క దెబ్బను నాలుగుగా పంచినచో పదునారు భాగము లగును. ఆ పదునారు గదులలో మాటలను ఎట్లు కూర్చవలెనన్నదే కవి నేర్పు. పాదముల చివర ప్రాస కుదురవలెను. ఇది మనకు తెలియని సంగతి కాదు. మన ఛందస్సులో రగడలు కలవు. మధురగతి రగడ నాలుగేసి మాత్రల గణములతో నడచును. ద్విరదగతి అయిదేసి మాత్రలతోను, వృషభగతి మూడు నాలుగు కలసిన ఏడేసి మాత్రలతోను నడచును. రెండేసి పాదములకు అంత్యప్రాస యుండును. రాగము లేకున్నను రగడ చదువుచుండగా కాలు తనంత తానే కదలును. ర్యాప్‌ను మన ఛందస్సు తెలిసిన పండితుడు మొదటిసారి వినినచో, దీనిని రగడకు దూరపు బంధువని గుర్తింపక మానడు.

మరియొక బంధుత్వము కూడ కలదు. ర్యాప్ కవులు గుంపుగా నిలిచి, వ్రాత లేకుండ అప్పటికప్పుడు పదములల్లి ఒకరినొకరు మించుటకు పోటీపడుదురు. ఆశుధార యన్న నేమో ప్రొద్దుటూరువారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. దుర్భాక రాజశేఖర శతావధానిగారు, గడియారం వేంకటశేషశాస్త్రిగారు జంటగా అవధానములు చేసిన పట్టణమది. సి.వి. సుబ్బన్న శతావధానిగారు (1929–2017) ఆ దీపమును మన కాలము వరకు నిలిపినారు. అవధానికి ధారతోపాటు ధారణయు, వ్యాకరణ నియమమును ఉన్నవి. ర్యాప్ కవికి అంతటి కట్టుబాటు లేదు. కావున రెండింటిని సమానమనుట లేదు. కాని సభ ఎదుట, గడువు లేని క్షణములో, లయ తప్పక మాటను పుట్టించు ధైర్యము రెండింటికిని ఒక్కటే.

ఇప్పుడు రాజకుమారి వద్దకు వత్తము. ఆమె 1986 జనవరి 11వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో, క్లేర్‌మాంట్ పట్టణమున జన్మించినారు. తల్లిదండ్రులు తెలుగువారు. ప్రవాసములోని అనేక కుటుంబములవలె వారును బిడ్డకు నాట్యము చెప్పించినారు. కూచిపూడి, భరతనాట్యము, ఒడిస్సీ మూడింటను ఆమెకు శిక్షణ లభించినది. బడికి పోయినచో తోటిపిల్లల నోట హిప్-హాప్ పాటలు. ఇంటికి వచ్చినచో గజ్జెల చప్పుడు. పదేండ్ల ప్రాయములో ఫ్యూజీస్ అను బృందము 1996లో వెలువరించిన ‘ది స్కోర్’ అను సంపుటము ఆమె మనస్సును పట్టుకొన్నది.

మొదట ఆమె తెరవెనుకనే పనిచేసినారు. ఇతరులు పాడు పాటలకు మాటలు, వరుసలు కూర్చుట అమెరికాలో ఒక వృత్తి. ఇగ్గీ అజేలియా, గ్వెన్ స్టెఫానీ మొదలగు ప్రసిద్ధ గాయనులతో ఆమె కలసి పనిచేసినారు. 2014లో ఫాల్ ఔట్ బాయ్ బృందము పాడిన ‘సెంచరీస్’ అను పాటకు రచయితలలో ఆమెయు ఒకరు. ఆ పాట లోకమంతట మ్రోగినది. కాని విన్నవారిలో ఎందరికి ఆమె పేరు తెలియును? పాట వెనుక నిలిచినంతకాలము ఆమె తన ముఖమును గాని, తన నడకను గాని చూపనవసరము లేకపోయెను. ముందుకు వచ్చి తన పేరుతో పాడవలెనన్నప్పుడే, ‘నేనెవరిని?’ అను ప్రశ్నకు బదులు చెప్పవలసి వచ్చినది.

ఆమె చెప్పిన బదులు 2016లో వెలువడినది. ‘మ్యూట్’ అను పాట, ‘ది కమ్ అప్’ అను చిన్న సంపుటము ఆ ఏటివే. నుదుట బొట్టు, పాపిటబిళ్ళ, మెడలో నగలు ధరించి, అమెరికా వీధుల ఆంగ్లములో ర్యాప్ పలుకుచు ఆమె కనబడినారు. 2017లో ముంబయి ర్యాప్ కవి డివైన్‌తో కలసి ‘సిటీ స్లమ్స్’ పాడినారు. ఆమెది ఆంగ్లము, అతనిది హిందీ. 2019లో ‘బ్లడ్‌లైన్’ అను సంపుటము వచ్చినది. ఆ సంవత్సరమే ‘హసల్’ అను దూరదర్శన పోటీలో మన దేశపు యువ ర్యాప్ కవులకు ఆమె న్యాయనిర్ణేతలలో ఒకరైనారు. పెద్ద సంస్థలకు పనిచేసిన పిదప ‘గాడ్‌మదర్ రికార్డ్స్’ అను సొంత సంస్థను నెలకొల్పుకొన్నారు. 2023లో ‘ది బ్రిడ్జ్’ అను సంపుటము వెలువడినది. ‘బ్రిడ్జ్’ అనగా వంతెన. ఆ ఏడే ‘జవాన్’ చలనచిత్రములో ఆమె గొంతు వినబడినది.

పాపిటబిళ్ళ పెట్టుకొన్నంత మాత్రమున పాట మనదగునా? కాదు. వేషము అంగడిలో దొరకును. ఆమె శైలిలోని ప్రయోగము వేషములో లేదు, లయలో ఉన్నది. నాట్యము నేర్చు బిడ్డ అడుగు వేయుటకు ముందే నోటితో జతి చెప్పుట నేర్చును. నట్టువనారు తాళము తట్టుచు పలుకు ‘తకిట’, ‘తకధిమి’, ‘తకతకిట’ అను సొల్లులు అర్థములేని శబ్దములు కావు. అవి మూడు, నాలుగు, అయిదు అను లెక్కలకు పెట్టిన పేర్లు. ఈ లెక్క నోటికి ఎక్కినవారికి ఏ భాషలోని మాటనైనను ఆ గదులలో పొదుగుట తెలియును.

శ్రోతలు ఇంటివద్దనే దీనిని పరీక్షింపవచ్చును. ర్యాప్ పాదములో పదునారు గదులని చెప్పితిమి. నాలుగేసి చొప్పున ‘తకధిమి’ నాలుగు మార్లు పలికినచో లెక్క సరిపోవును. కాని నడక చప్పగా నుండును. అట్లుగాక ‘తకిట’ నాలుగు మార్లు, చివర ‘తకధిమి’ ఒకమారు పలికి చూడుడు. నాలుగు మూళ్ళు పండ్రెండు, మరి నాలుగు, మొత్తము పదునారే. చేతితో తట్టు దెబ్బ మారదు; మాటలోని ఊనిక మాత్రము దెబ్బను తప్పించుకొని ముందునకు జారి, చివరకు సమమునకు వచ్చి కలియును. తప్పిపోయెనేమో యని చెవి ఒక క్షణము శంకించును, కలిసినప్పుడు ఆనందించును. మృదంగ విద్వాంసుని ముక్తాయింపు మన తల ఊపించునది ఇందువలననే. ర్యాప్ కవులు తమ నడకకు ‘ఫ్లో’ అని పేరు పెట్టుకొన్నారు. రాజకుమారి నడకకు వెన్నెముక ఈ జతి లెక్క. కొన్నిచోట్ల ఆమె మాటలను ఆపి, జతులనే సూటిగా పలుకుదురు. అమెరికా శ్రోతకు అది వింత శబ్దము. మనకు అది నాట్యశాలలోని పరిచిత స్వరము.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. దానిని దాటవేయుట న్యాయము కాదు. ఆమె పాటలలో ప్రధానమైన భాష ఆంగ్లము. లయ వచ్చినది, తెలుగు మాట అంతగా రాలేదు. ‘ఎన్.ఆర్.ఐ.’ అను పాటలో ఆమె తానే ఈ అవస్థను చెప్పుకొన్నారు: అచ్చట పరాయిది, ఇచ్చటను పూర్తిగా మనది కాదు. విదేశములలో పెరుగుచున్న వేలకొలది తెలుగు బిడ్డల అవస్థయు ఇదియే.

ఊరు విడిచినవారు వెంట ఏమి తీసికొని పోగలరు? ఈ ప్రశ్న కొండాపురము ప్రాంతమునకు పుస్తకములలోని ప్రశ్న కాదు. గండికోట జలాశయములో నీరు నింపినప్పుడు 2020లో తాళ్ళప్రొద్దుటూరు మొదలగు గ్రామములవారు ఇండ్లు వదలి రావలసి వచ్చినది. అరుగు రాలేదు, వేపచెట్టు రాలేదు. వచ్చినవి మనుష్యుల నోటిలోనివి, కాళ్ళలోనివి: పాట, సామెత, చెక్కభజన అడుగు. పెన్న దాటినవారికిని సముద్రము దాటినవారికిని ఇందులో భేదము లేదు. వీనిలో అడుగు మొండిది. ఒకసారి ఒంటబట్టినచో నలువదేండ్లకైనను పోదు. మాట సుకుమారమైనది, దినదినము పలుకనిచో ఒక్క తరములోనే వాడిపోవును. రాజకుమారి పాట ఈ రెండు సత్యములకును సాక్ష్యము. తల్లిదండ్రులు చెప్పించిన నాట్యము వ్యర్థము కాలేదు. వారు ఊహింపని చోట మొలకెత్తినది. అదే పాట, భాష విషయములో మనము మరింత మెలకువగా నుండవలెననియు తెలుపుచున్నది.

తెలుగు మాటతోనే ర్యాప్ పలుకువారు లేకపోలేదు. హైదరాబాదులో రోల్ రైడా, నోయెల్ వంటివారు ఆ పని చేయుచున్నారు. వారికి మాట ఉన్నది. రాజకుమారికి జతి ఉన్నది. రగడ నడక, జతి లెక్క, వీధిలోని సజీవమైన తెలుగు ఈ మూడును ఒక్క గొంతుకలో కలిసినచో మన భాషకు ఒక కొత్త అలంకారము లభించును. ఆ గొంతుక కడప జిల్లాలోని ఏ పల్లె బడిలోనో ఇప్పుడు చెక్కభజన నేర్చుచుండవచ్చును.

ర్యాప్ అంతయు మంచిదని మేము చెప్పుట లేదు. అందులో బూతు కలదు, డంబము కలదు. వానిని వడగట్టుట ఇంటి పెద్దల పని. కాని వడగట్టుటకు ముందు వినవలెను. ఈసారి పిల్లలు ఆ పాట పెట్టినప్పుడు గదిలోనుండి లేచిపోక, తొడపై తాళము వేయుచు నాలుగు పాదములు వినుడు. ‘తకిట’ ఎచ్చట, ‘తకధిమి’ ఎచ్చట అని పిల్లలను అడుగుడు. వారికి తెలియనిచో మీరు చెప్పుడు. ఆ చెప్పుట మాత్రము తెలుగులో చెప్పుడు.