వేలిముద్రకు ముందు

హైదరాబాదునుండి వరంగల్లునకు పోవు బాటలో, ఘట్కేసరునకు ఈవల అన్నోజిగూడ యున్నది. ఒకప్పుడది పొలముల నడిమి పల్లె. పక్కనే పోచారమున కంప్యూటరు కంపెనీల కార్యాలయములు వెలసి, వలయ రహదారి వచ్చిన పిమ్మట, అచటి నేలను గజముల లెక్కన కొనుచున్నారు. నేలవెల పెరిగిన ప్రతి యూరను, ఆ నేల యెవరి పేర నున్నదో ఆ వృద్ధురాలి వేలిముద్రకును వెల పెరుగును.

"అమ్మా, నీ పేరనున్న నేమి, మా పేరనున్న నేమి?" అని బిడ్డలందురు. ఆమె నమ్మును. నమ్ముట తప్పు కాదు. కాని రిజిస్ట్రీ ముగిసిన పిదప ఇంటి యజమానురాలు మూలగదికి జరుగుటయు, మందుబిళ్లలకై చేయి చాపుటయు మన మెరుగనివి కావు.

దీనికి చట్టము లేకపోలేదు. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము వెలువడినది. 60 ఏండ్లు నిండినవారు తమ్ము పోషింపవలెనను షరతుతో ఆస్తి నిచ్చిన పిమ్మట, పుచ్చుకొన్నవారు మాట తప్పినచో, ఆ దానమును రద్దుపరచుటకు 23వ సెక్షను ట్రిబ్యునలునకు అధికార మిచ్చుచున్నది.

చిక్కంతయు ఆ షరతునందే కలదు. అట్టి షరతు కానరాని యొక వ్యాజ్యములో, 2022 డిసెంబరున, దానము రద్దు కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2025 జనవరిలో మధ్యప్రదేశమునకు చెందిన యొక తల్లి అదే కోర్టున గెలిచెను. జీవితాంతము పోషింతునని కుమారుడు వ్రాసియిచ్చినట్టి కాగితమును న్యాయమూర్తులు పరిగణించిరి.

కావున చదువెరిగిన సోదరీమణులను మేము కోరున దొక్కటే. తల్లి గాని, అత్తగారు గాని వేలిముద్ర వేయుటకు ముందు ఆ పత్రమును పంక్తి పంక్తియు బిగ్గరగా చదివి వినిపింపుడు. బ్రతికినన్నాళ్లు కూడు, గుడ్డ, వైద్యము, నివాసము జరుపవలెనను మాట అందు లేకున్న వ్రాయింపుడు. ఒక నకలు ఆమె పెట్టెలో నుంచుడు.

ఇదివరకే మోసపోయినవారు రెవెన్యూ డివిజనల్ అధికారి యధ్యక్షతనుండు ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. స్వయముగా పోలేనిచో ఆమె యనుమతితో మరియొకరు పెట్టవచ్చును. పోషణ భారము కుమారులకే కాదు, కుమార్తెలకును గలదు. 14567 నంబరునకు ఫోను చేసినను దారి చెప్పుదురు.

ఇది ఇంటిలో తగవు పెట్టుట యని కొంద రనవచ్చును. మనసున నున్న మాటను కాగితముపై నుంచుటకు వెనుదీయువారికే ఆ తగవు. అత్తగారి పత్రమున ఆ పంక్తి వ్రాయించిన కోడలు, రేపు తన పత్రమున నది యుండవలెనని యడుగుటకు సంకోచింపదు.